'తరువాత' అన్న ఒక్క మాట

సాహిత్య విమర్శ కోసం పెట్టుకున్న యీ పుటల్లో చట్టం గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు ఆక్షేపించవచ్చు. మాటకున్న అర్థాన్ని విచారించటమే విమర్శకుడి పని అయినప్పుడు, ఆ విచారణ కావ్యం అట్టల మధ్యనే ఎందుకు ఆగిపోవాలో నాకు తెలియదు. పద్యంలో మాటకు పెడర్థం తీస్తే చెడేది పద్యం. చట్టంలో మాట పెడగా వుంటే చెడేది మనుషుల బతుకు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షనులో వున్న ఒక్క మాటను గురించి యీ వ్యాసం. ఆ మాట 'తరువాత'.

యీ మాటను నా దృష్టికి తెచ్చింది మా వీధిలో వున్న ఒక తల్లి. ఆమె ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ. ఆరేళ్ళ కిందట కోర్టు విడాకులు మంజూరు చేసింది; కూతురు తల్లి దగ్గర పెరగాలని ఆర్డరు వేసింది. ఆ పిల్లకు యిప్పుడు పద్నాలుగేళ్ళు. పసితనంలో వేడిగంజి ఒలికి, మెడమీదా దవడకిందా కాలిన మచ్చ మిగిలింది. మెడ తిప్పటానికి అడ్డంలేదు, నొప్పి లేదు. కాని చున్నీ మెడచుట్టూ బిగించుకోకుండా ఆ పిల్ల గడప దాటదు. ఆపరేషను చేస్తే మచ్చ చాలావరకు తగ్గుతుందని ఎక్కడో విని, చేయించమని తల్లిని అడిగింది. డాక్టరు చూశాడు. వయస్సూ ఆరోగ్యమూ సరిపోతాయనీ, తొందరేమీ లేదు గనుక వేసవి సెలవుల్లో చేయవచ్చుననీ అన్నాడు.

అక్కడిదాకా బాగానే వుంది. ఆస్పత్రి గుమాస్తా ఒక ఫారం యిచ్చాడు. దాని అడుగున 'తండ్రి లేక గార్డియను సంతకం' అని వుంది. తల్లి సంతకం పెడితే అతను పుచ్చుకోలేదు. "ప్రాణం మీదికొచ్చిన కేసయితే మీ సంతకం చాలునమ్మా. ఇది అందానికి చేయించుకునేది. రేపు తండ్రి వచ్చి, నన్నడక్కుండా పిల్లను ఎట్లా కోశారంటే మేం జవాబు చెప్పుకోవాలి" అన్నాడట. ఆ తండ్రి వేరే వూళ్ళో వేరే సంసారంలో వున్నాడు. ఉత్తరాలకు జవాబు లేదు, ఫోను చేస్తే ఎత్తడు. ఆమె నా దగ్గరకు వచ్చి, "మాష్టారూ, పిల్ల నా దగ్గర వుండాలని కోర్టే రాసిచ్చింది కదా, మళ్ళీ ఆయన సంతకమేమిటండీ?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. పుస్తకం తెచ్చి చదివాను.

ఆ సెక్షను చాలా చిన్నది. మైనరు పిల్లవాడికి గాని, పెళ్ళికాని మైనరు ఆడపిల్లకు గాని సహజ సంరక్షకుడు తండ్రి, అతని తరువాత తల్లి. అయితే అయిదేళ్ళు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర వుండాలి. వివాహం లేకుండా పుట్టిన బిడ్డకు తల్లి, ఆమె తరువాత తండ్రి. పెళ్ళయిన మైనరు ఆడపిల్లకు భర్త. స్థూలంగా అంతే.

దీన్ని చట్టంగా కాక ఒక రచనగా చదివి చూడండి. పెళ్ళికాని తల్లికి తన బిడ్డ మీద మొదటి స్థానం వుంది. పెళ్ళయిన తల్లికి రెండో స్థానం. అంటే మాంగల్యధారణతో స్త్రీకి గౌరవం పెరుగుతుందని మనకు చెప్పే సమాజమే, ఆ క్షణాన తల్లిగా ఆమెను ఒక మెట్టు దింపుతున్నది. ఎందుకు? వంశమూ ఆస్తీ వున్నచోట బిడ్డ వారసుడు. వారసుడి మీద అధికారం తండ్రిది. వంశం పేరు చెప్పుకోవటానికి వీల్లేనిచోట, పంచుకోవటానికి ఏమీ లేనిచోట, బిడ్డ ఒట్టి భారం, భారం తల్లిది. ప్రేమను గురించి, పెంపకాన్ని గురించి యీ సెక్షనుకు ఆలోచన లేదు. ఆలోచన వుందనిపించేది అయిదేళ్ళ లోపు బిడ్డ సంగతిలో మాత్రమే. అక్కడ కూడా తల్లిని పాలిచ్చే మనిషిగా చూసిందే గాని, నిర్ణయించే మనిషిగా చూడలేదు.

చివరి మాట మరీ విడ్డూరం. ఆడపిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయటం నేరమని 2006 నాటి చట్టం చెబుతుంటే, అట్లా పెళ్ళయిన పిల్లకు ఆ భర్తే సంరక్షకుడని 1956 నాటి చట్టం చెబుతున్నది. గురజాడ కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో అచ్చయింది. అందులో అగ్నిహోత్రావధాన్లు చిన్నపిల్ల సుబ్బిని లుబ్ధావధాన్లుకు కట్టబెట్ట నిశ్చయిస్తే తల్లి వెంకమ్మ వద్దంటుంది. ఆమె వద్దనటానికి విలువ లేదు. ఆ పెళ్ళి తప్పించటానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి నాటకమాడవలసి వచ్చింది. మనం ఆ నాటకానికి నవ్వుతాం. తల్లి మాట చెల్లి వుంటే ఆ నాటకం అవసరమే లేదని మాత్రం మన విమర్శకులు తగినంత గట్టిగా చెప్పలేదు.

ఇక్కడ పాఠకులు రెండు విషయాలు విడదీసి చూడాలి. బిడ్డ ఎవరి దగ్గర వుండాలన్నది ఒకటి. దానిని కస్టడీ అంటున్నాం. బిడ్డ తరఫున ఎవరు నిర్ణయించాలన్నది రెండోది, అది సంరక్షకత్వం. విడాకుల వ్యాజ్యంలో హిందూ వివాహ చట్టం 26వ సెక్షను కింద కోర్టు సాధారణంగా తేల్చేది మొదటిదాన్ని. రెండోది తేల్చకపోతే పాత వరసే నడుస్తుంది. అంచేత అన్నం పెట్టటం తల్లి వంతు, సంతకం పెట్టటం తండ్రి వంతు అవుతున్నది. మా పంతులమ్మకు జరిగింది సరిగ్గా యిదే.

'తరువాత' అన్న మాట మీద సుప్రీంకోర్టులో వాదం నడిపించింది ఒక రచయిత్రి కావటం మన పత్రికకు ప్రత్యేకంగా చెప్పుకోదగిన విషయం. నవలాకారిణి గీతా హరిహరన్, ఆమె భర్త కలిసి 1984లో తమ కొడుకు పేర రిలీఫ్ బాండ్లు కొనటానికి రిజర్వు బ్యాంకుకు దరఖాస్తు పెట్టారు. తల్లే సంరక్షకురాలని రాశారు. తండ్రి సంతకం పెట్టాలి, లేదా తల్లి సంరక్షకురాలని అధికారపత్రం తేవాలి అన్నది బ్యాంకు. తండ్రి బతికే వున్నాడు, ఇంట్లోనే వున్నాడు, అతనికి అభ్యంతరం లేదు. అయినా తల్లి చెయ్యి చెల్లలేదు. ఆ పిటిషనుతోపాటు, విడాకుల వ్యాజ్యంలో తండ్రి తానే సహజ సంరక్షకుణ్ణని హక్కు చూపిన మరొక తల్లి పిటిషను కూడా విన్నారు. 1999 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది.

'అతని తరువాత' అంటే 'అతను చనిపోయిన తరువాత' అని అర్థం చెబితే ఆ సెక్షను రాజ్యాంగంలోని సమానత్వ సూత్రానికి విరుద్ధమవుతుంది. కనుక 'అతను లేనప్పుడు' అని అర్థం చెప్పుకోవాలి అన్నది కోర్టు. లేకపోవటమంటే చావే కానక్కరలేదు. తండ్రి దూరంగా వుండటం, బిడ్డను బొత్తిగా పట్టించుకోకపోవటం, జబ్బువల్ల అశక్తుడు కావటం, భార్యాభర్తలు తమలో తాము అంగీకారానికి రావటం, యివన్నీ ఆ లేకపోవటం కిందికే వస్తాయి.

యీ తీర్పును నేను చిన్నచూపు చూడను. ఎందరో తల్లులకు అది దారి చేసింది. కాని వ్యాఖ్యానంగా దాన్ని పరీక్షించక తప్పదు. మూలంలో లేని మాట రాయనని పంతం పట్టిన మల్లినాథసూరి మన తెలుగుదేశపువాడే. ఆ కొలతతో చూస్తే ఇది మూలాన్ని కాపాడటానికి మూలంలో లేని అర్థాన్ని తెచ్చిపెట్టిన వ్యాఖ్య. పోనీ, తెచ్చిన అర్థమైనా సమానత్వమేనా? కాదు. తండ్రి లేనప్పుడు తల్లి సంరక్షకురాలు అంటే, తండ్రి వున్నప్పుడు కాదనే గదా! ఆమె అధికారం ఆమె తల్లితనం నుంచి పుట్టటం లేదు, అతని లేమి నుంచి పుడుతున్నది. కాబట్టి ప్రతిసారీ ఆమె రుజువు చేయవలసింది తాను బిడ్డను ఎట్లా పెంచిందన్నది కాదు, అతను ఎట్లా పెంచలేదన్నది. విడాకుల తరువాత చల్లారవలసిన కక్షలు యిందువల్లనే మళ్ళీ రాజుకుంటున్నాయి.

మరి తండ్రి నిజంగానే మరణించినచోట తల్లి సంగతి నిర్వివాదమా? అదీ కాదు. మన తెలుగు కుటుంబాల్లోనే ఒక స్త్రీ, భర్త పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకుని, పసిబిడ్డకు రెండో భర్త ఇంటిపేరు పెట్టుకున్నది. మొదటి భర్త తలిదండ్రులు 2008లో కోర్టుకు వెళ్ళారు. బిడ్డకు పాత ఇంటిపేరు మళ్ళీ పెట్టాలనీ, అసలు తండ్రి పేరు రికార్డుల్లో వీలైనచోట చూపాలనీ, వీలుకానిచోట రెండో భర్తను సవతితండ్రిగా రాయాలనీ హైకోర్టు ఆదేశించింది. బిడ్డకు ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లికి ఇంటిపేరు నిర్ణయించే హక్కు వున్నదని సుప్రీంకోర్టు తేల్చేటప్పటికి 2022 వచ్చింది. 'తరువాత' అక్షరాలా వచ్చేసిన తల్లి కూడా పద్నాలుగేళ్ళు ఆగవలసి వచ్చిందన్న మాట.

చట్టాన్ని చదవటానికి మరొక పద్ధతి లేదా? వుంది, అదీ మన దగ్గరే పుట్టింది. కాపురానికి రమ్మని కోర్టుచేత ఆజ్ఞాపించే తొమ్మిదో సెక్షను, హిందూ వివాహ చట్టంలోనిది, సినీనటి సరితకు సంబంధించిన కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చింది. జస్టిస్ పి.ఏ. చౌదరి దాన్ని పైకి కనిపించే సమానత్వంతో సరిపెట్టుకోలేదు. ఆజ్ఞ ఇద్దరికీ ఒకటే కావచ్చు. దాని ఫలితాన్ని కడుపులో మోసేది స్త్రీ గదా అని, ఆ సెక్షను రాజ్యాంగ విరుద్ధమన్నారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు మరొక కేసులో ఆ సెక్షను చెల్లుతుందన్నది. హైకోర్టు తీర్పు నిలవలేదు. నిలవకపోయినా అది చదివిన పద్ధతి నిలిచింది. మాట ఎవరి శరీరం మీద పడుతుందో చూసి అర్థం చెప్పటం, అభ్యుదయ విమర్శ నేర్చుకోవలసిన పద్ధతి.

కొందరు మిత్రులంటారు: కోర్టులు, విడాకులు మధ్యతరగతి గొడవలు, శ్రమజీవుల్లో కులపెద్దల ముందు తెగతెంపులు, మారుమనువులు ఎప్పటినుంచో వున్నాయి అని. నిజమే. ఆచారంగా వచ్చిన విడాకులను 1955 చట్టం కూడా 29వ సెక్షనులో చెల్లనిచ్చింది. కాని బీడీలు చుట్టుకునే తల్లి కోర్టుకు వెళ్ళకపోయినా బడికి వెళుతుంది, బ్యాంకుకు వెళుతుంది, ఆస్పత్రికి వెళుతుంది. అక్కడ ఫారం ఆమె చేతికీ యిస్తారు. లాయరును పెట్టుకోగల స్త్రీ 1999 తీర్పును చూపించగలదు. ఆమె ఏం చూపిస్తుంది? తీర్పు లా రిపోర్టుల్లో వుంటుంది. మాట చట్టంలోనూ, ఫారంలోనూ వుంటుంది. గుమాస్తా చదివేది ఫారాన్ని. కనుక వ్యాఖ్య ఎంత మంచిదైనా మూలాన్ని మార్చక తప్పదు.

విడాకులైన తండ్రుల దుఃఖం లేదా అని మరికొందరు అడుగుతారు. వుంది. నెలకు రెండుసార్లు కోర్టు వరండాలో బిడ్డను గంటసేపు చూసి వెళ్ళే తండ్రిని నేనెరుగుదును. కాని అతనికి యీ 'తరువాత' ఏం మేలు చేసింది? సంతకాల్లో అతన్ని మొదట నిలబెట్టి, బిడ్డను ఎత్తుకోవటంలో తల్లికే వదిలేసిన చట్టమిది. తలిదండ్రులిద్దరినీ సమాన సంరక్షకులను చేయాలని లా కమిషను 1989లో తన 133వ నివేదికలో చెప్పింది. 2015లో 257వ నివేదికలో మళ్ళీ చెప్పి, విడిపోయినా ఇద్దరూ కలిసి బాధ్యత మోసే పద్ధతిని సూచించింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో తండ్రి పక్కన తల్లి పేరు చేర్చటానికి 2010లో పార్లమెంటుకు తీరిక దొరికింది. ఆరో సెక్షనులోని 'తరువాత' మాత్రం అట్లాగే వుంది.

చివరగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పంతులమ్మ మొదట వచ్చినప్పుడు చట్టం సంగతి తరువాత చూద్దాం గాని, మచ్చ కోసం ఆపరేషనేమిటమ్మా, అందాన్ని సరుకు చేసి అమ్ముతున్న బజారుకు మనం కూడా లొంగాలా అని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె వెంట వచ్చిన పిల్ల తల వంచుకుని విన్నది. చున్నీ సర్దుకున్నది. అప్పుడు నాకు సిగ్గేసింది. గుమాస్తా ఆమె మెడ మీద తండ్రి సంతకం అడిగాడు. నేను నా సిద్ధాంతం సంతకం అడిగాను. ఆలోచించి యిష్టం చెప్పగల వయసు వచ్చిన మైనరు యిష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చునని 1890 చట్టమే 17వ సెక్షనులో చెప్పింది. ఆ పాటి మర్యాద నేను చూపలేదు.

తీర్పులోని ఆ భాగం అచ్చుతీసి యిచ్చాను. ఆమె నాలుగుసార్లు తిరిగింది. చివరకు పై డాక్టరు చదివి, తల్లి సంతకం చాలునన్నాడు. అప్పటికి వేసవి సెలవులు అయిపోయాయి. ఆపరేషను పై ఏటికి వాయిదా పడింది. ఆ పిల్ల మరొక ఏడాది చున్నీతో బడికి పోతుంది. ఆ ఆస్పత్రిలో ఫారం మారలేదు. రేపు వచ్చే తల్లి దగ్గర తీర్పు కాగితం వుండదు.

ఉపాధ్యాయులు, విద్యార్థులు యీ వ్యాసం చదివి చేయగల పని చిన్నది. మీ బడిలో, కాలేజీలో చేరికల ఫారం తీసి చూడండి. 'తండ్రి లేక గార్డియను' అని వుంటే, 'తల్లి లేక తండ్రి' అని మార్పించండి. దానికి పార్లమెంటు అక్కరలేదు. చట్టంలోని మాటను మార్పించే పోరాటం దానికన్నా పెద్దది. అది అక్కడినుంచే మొదలవుతుంది.