సున్నం ఎరుగని కోటగోడలు

ఒసాకా చూసొచ్చినవాళ్లందరి ఫోనులోనూ ఒకే ఫొటో ఉంటుంది. ఆకుపచ్చ కప్పులు, బంగారు మెరుపులు, అంతస్తు మీద అంతస్తుగా లేచిన కోట మేడ. బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ మేడ 1931లో కాంక్రీటుతో పోసింది. లోపల లిఫ్టు కూడా ఉంది. నాలుగు వందల ఏళ్లనాటి అసలు పనితనమంతా ఆ ఫొటోకి అడుగున, సగం కత్తిరించుకుపోయి ఉంటుంది. అదే గోడ. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చితే తన బరువుతో తానే నిలబడ్డ గోడ. సమురాయ్‌ల కత్తుల గురించి కావలసినన్ని పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి. ఆ కత్తి దూసినవాణ్ని ఏళ్ల తరబడి బయటే నిలబెట్టిన గోడని తలిచేవాళ్లు మాత్రం తక్కువ. నాకు ఇది మొదటినుంచీ కడుపుమంటే.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1467లో క్యోటో నగరంలో ఓనిన్ యుద్ధం రాజుకుంది. పదేళ్లు మండి అది ఆరినా ఆ నిప్పు దేశమంతా పాకింది. నూరేళ్లకు పైగా బలమున్నవాడిదే రాజ్యం. అప్పటి కోటలు చాలావరకు కొండమీద మట్టికట్టలు, కందకాలు, కర్రకంచెలు. ఓడా నొబునగ అనే యుద్ధప్రభువు వచ్చి ఆ లెక్క మార్చాడు. 1576లో బివా సరస్సు పక్కన అజుచి కొండ మీద ఆయన మొదలుపెట్టిన కోట పాదం నుంచి శిఖరం దాకా రాతిమీదే లేచింది. ఆ పనికి పిలిపించిన వాళ్లలో ముఖ్యులు అనో పల్లె రాతిపనివాళ్లు. హియె కొండ అడుగున, సకమొతో దగ్గర వాళ్ల ఊరు. కొండమీది ఎన్ర్యకుజి మఠానికి తరతరాలుగా మెట్లు, కట్టలు పేర్చిన చేతులు వాళ్లవి. 1571లో ఆ మఠాన్ని తగలబెట్టించింది కూడా ఈ నొబునగే. గోడలు సైతం పడగొట్టమంటే అవి లొంగలేదనీ, అయితే ఇవి కట్టినవాళ్లని నా దగ్గరకు తీసుకురండి అన్నాడనీ ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. రుజువు అడిగేవాళ్లు అడగనీ, నేను మాత్రం ఈ కథని వదులుకోను.

అజుచికి ‘పాము రాయి’ అని ఒక మహాశిల తెచ్చారు. నొబునగ కొలువులో ఉండి ఆయన చరిత్ర రాసిన ఓటా గ్యూఇచి, పదివేల మంది రేయింబవళ్లు మూడు రోజులు లాగితే గానీ అది కొండెక్కలేదని రాశాడు. అది పక్కకు జారి నూట యాభై మందికి పైగా నలిగిపోయారని జెసూట్ మతగురువు లూయిస్ ఫ్రోయిస్ రాశాడు. ఇంతా చేస్తే ఆ రాయి ఎక్కడుందో ఈనాటికీ దొరకలేదు! 1582లో నొబునగ చచ్చాడు, వారాలు తిరక్కుండా మేడ కాలిపోయింది. గోడలు ఉన్నాయి. ఇప్పటికీ వెళ్లి చెయ్యి వేసి చూడొచ్చు.

అనో వాళ్ల పద్ధతిని నోజురజుమి అంటారు. చెక్కని రాయిని చెక్కనట్టే పేర్చడం. చూడగానే కుప్ప పోసినట్టుంటుంది. పెద్దదీ చిన్నదీ, కోలదీ గుండ్రనిదీ అన్నీ కలిసిపోయి, మధ్యన ఖాళీలు. ఇదేం పనితనం అనిపిస్తుంది. పనితనమంతా కంటికి ఆనని వైపున ఉంది. ప్రతి రాయికీ మనకు కనపడేది దాని ముఖం మాత్రమే. దాని ఒళ్లు పొడుగ్గా గోడ లోపలికి చొచ్చుకుపోయి ఉంటుంది. అడ్డంగా పడుకోబెడితే ముఖం పెద్దదిగా కనిపిస్తుంది, రాళ్లు తక్కువ పడతాయి, పని తొందరగా తెములుతుంది. అలా చేసినవాడు అనో పనివాడు కాదు. రెండు రాళ్లు ఒకదాన్నొకటి తాకేచోటు కూడా ముఖం అంచున ఉండకూడదు, కాస్త లోపలికి ఉండాలి. అంచున తాకితే బరువు పడ్డప్పుడు ముఖం పెట్లిపోతుంది. లోపల తాకితే బరువు రాయి నడుం మీద కూర్చుంటుంది. పై రాయి కింది రెండింటి మీదా కాలు మోపాలి. నాలుగు రాళ్ల మూలలు ఒక్కచోట కలిశాయా, అక్కడ గోడకు నెర్రె సిద్ధం.

గోడ వెనక గుప్పెడు, రెండు గుప్పెళ్లంత గులకరాళ్లు దట్టంగా నింపుతారు. వాన నీరు వాటిలోంచి దిగి ముందు ఖాళీల్లోంచి బయటికి పోతుంది. నీరు నిలవకపోతే వెనక మట్టి ఉబ్బదు, గోడని తొయ్యదు. భూకంపం వస్తే రాళ్లు తలో కాస్తా కదిలి మళ్లీ సర్దుకుంటాయి. మీరు వెక్కిరించిన ఆ ఖాళీలే గోడకు ఊపిరితిత్తులు.

ఇక మూలలు. గోడ పడితే ముందు మూలే పడుతుంది. అందుకని అక్కడ పొడుగు రాళ్లు ఏరి, ఒక వరసలో పొడుగు ఇటూ, పై వరసలో పొడుగు అటూ వచ్చేలా ఒకదాని మీద ఒకటి అల్లుతారు. మనవైపు వడ్డెర్లు బండ మీద వరసగా గుంటలు తవ్వి, చీలలు దిగ్గొట్టి బండని రెండు చేసినట్టే, అక్కడివాళ్లూ ఈ పొడుగు రాళ్లని చీల్చి తీశారు. ఆ చీలల గాట్లు పాత గోడల మీద పళ్ల వరసలాగా ఇప్పటికీ కనిపిస్తాయి.

గోడ వాలు గురించి చెప్పేటప్పుడు కతొ కియొమస పేరు ఎత్తకుండా ఉండటం నా వల్ల కాదు. కుమమొతో కోటని 1607 నాటికి ముగించిన యోధుడాయన. ఆయన గోడ అడుగున మెత్తగా, ఎక్కి రమ్మన్నట్టు వాలి ఉంటుంది. పైకి పోయేకొద్దీ నిక్కి, చివరికి నిట్టనిలువుగా నిలబడుతుంది. విప్పిన విసనకర్ర అంచులాంటి వంపు. శత్రువు ఉత్సాహంగా నాలుగు అడుగులు పరుగెత్తి అయిదో అడుగుకి వెల్లకిలా పడతాడు. గోడ దృష్టిలో చూస్తే, కిందకు వచ్చేకొద్దీ బరువు వెడల్పుగా పరుచుకుని నేలకు దిగుతుంది. యుద్ధనీతీ, కట్టుబడి నీతీ ఒకే గీతలో ఇమిడాయి.

ఈ గోడకు అసలు పరీక్ష రెండువందల డెబ్బై ఏళ్ల తర్వాత వచ్చింది. 1877లో సైగొ తకమొరి సమురాయ్‌లు ప్రభుత్వం మీద తిరగబడి ఈ కోటనే ముట్టడించారు. ముట్టడికి ముందే మేడ కాలిపోయింది. గోడలు ఉన్నాయి. దాదాపు 50 రోజులు ముట్టడించి ఒక్కడూ లోపల అడుగుపెట్టలేకపోయాడు. నేను ఓడింది ప్రభుత్వ సేనకు కాదు, కియొమసకు అని సైగొ అన్నాడని చెప్పుకుంటారు. అనే ఉంటాడు.

కోటలు కట్టించిన మరో యోధుడు తొదొ తకతొర అభిమానులు ఇక్కడ ఊరుకోరు. ఆయన దారి వేరు. వంపు లేదు, సూటిగా, నిటారుగా, ఎత్తుగా. ఇగ ఉయెనొ కోటలో 1611లో ఆయన లేపిన గోడ సుమారు 30 మీటర్లు. కింద కందకంలో నీళ్లు, పైన ఆకాశం, మధ్యలో రాయి. దాని ముందు నిలబడితే నోరు పెగలదు, ఒప్పుకుంటాను. అయినా నేను కియొమస పక్షమే. తకతొర గోడ భయపెడుతుంది. కియొమస గోడ పిలిచి మరీ ఓడిస్తుంది.

తొకుగవ షోగున్లు వచ్చాక గోడ కొట్లాటకు కాక, కప్పానికి పనికొచ్చింది. 1615లో తొయొతొమి వంశాన్ని నిర్మూలించాక, ఆ వంశం కట్టించిన ఒసాకా కోటగోడల్ని మట్టి కింద పూడ్చేసి, 1620 నుంచి వాటిపైన కొత్త గోడలు లేపించారు. డబ్బూ చెమటా ప్రాంతీయ ప్రభువులవి, పేరు షోగున్‌ది. తమ వంతు రాళ్లు కలిసిపోకుండా ఒక్కో ప్రభువూ ఒక్కో గుర్తు చెక్కించుకున్నాడు. సకుర ద్వారం లోపల ‘ఆక్టోపస్ రాయి’ అని ఒకటుంది. ఎత్తు 5.5 మీటర్లు, వెడల్పు 11.7 మీటర్లు, బరువు 108 టన్నులని అంచనా. సముద్రం మీద ఇనుజిమ దీవి నుంచి తెచ్చారు. అదో పలక, మందం లేదు, అంతా డాబు అని పెదవి విరిచేవాళ్లున్నారు. డాబే. కానీ ఆ డాబుని కదిపి చూడమనండి!

గోడ ఎంత రాజకీయమో హిరొషిమ ప్రభువు ఫుకుషిమ మసనొరిని అడగాలి. వరదకు దెబ్బతిన్న హిరొషిమ కోటగోడల్ని షోగున్ అనుమతి రాకుండా బాగుచేసుకున్నందుకు 1619లో దాదాపు 5 లక్షల కొకుల బియ్యం పండే రాజ్యం పోగొట్టుకున్నాడు. పనివాళ్ల గతి ఇంతకన్నా ఘోరం. మరుగమె కోటగోడ చూసి ప్రభువు మురిసిపోతుంటే, కట్టిన మేస్త్రీ హజక జూజబురొ ఒక ఇనుపకడ్డీతో దాన్ని అవలీలగా ఎక్కి చూపించాడట. ఈ పనితనం శత్రువు చేతిలో పడుతుందేమోనని ప్రభువు అతణ్ని బావిలోకి దింపి పైనుంచి రాళ్లు వేయించి చంపాడని కథ.

శాంతి వచ్చాక రాళ్లని నున్నగా చెక్కి, వెంట్రుక దూరకుండా అతికే కిరికొమిహగి పద్ధతి పెరిగింది. 1657 అగ్నిప్రమాదం తర్వాత ఎదొ కోటలో మయెద వంశం కట్టిన మేడ దిమ్మె దీనికి మేటి. అద్దంలాంటి పని. దానిమీద మేడ మళ్లీ లేవనేలేదు. నేను కరకు రాయి పక్షపాతిని కాబట్టి ఒక మాట అంటాను: సందు లేని గోడకు నీరు పోయే తూము విడిగా పెట్టాలి. ఇది అందం కోసం కట్టిన గోడ, బతకడం కోసం కట్టింది కాదు.

ఇంతవరకూ భక్తి. ఇకపైన కోపం. 1873లో మెయిజి ప్రభుత్వం కోటల్ని రద్దు చేసింది. చాలా మేడలు వేలానికి పోయాయి, గోడలు అనాథలయ్యాయి. యుద్ధానంతరం ఊరూరా కాంక్రీటు మేడలు లేచాయి. 1959లో నగొయ, 1960లో కుమమొతో. సరే, అవి బొమ్మలనుకుని ఊరుకుందాం. గోడ జోలికి రావడం మాత్రం క్షమించలేను. కొత్తగా ‘సంప్రదాయ’ గోడ కడుతున్నామంటూ వెనక కాంక్రీటు పోసి, ముందు రెండంగుళాల రాతి పెచ్చులు అంటిస్తున్నారు. పాత పద్ధతి ఉట్టిపడేలా కృత్రిమంగా ఖాళీలు కూడా పెడతారు. ఆ ఖాళీ వెనక సిమెంటు! నీరెటు పోవాలి? అది గోడ కాదు, గోడ వేషం. అడిగితే రాతి గోడకు బలం లెక్క చూపలేమనీ, లెక్క లేనిదానికి అనుమతి రాదనీ జవాబు.

ఆ లెక్క కూడా చూపించారు. అనో పరంపరలో ఈనాటికీ మిగిలింది సకమొతోలోని అవత కుటుంబం. పద్నాలుగో తరం జున్‌జి, పదిహేనో తరం సుమినొరి. కొత్త మెయిషిన్ రహదారి వేసేటప్పుడు వీళ్ల గోడనీ కాంక్రీటు దిమ్మెల గోడనీ పక్కపక్కన పెట్టి బరువు మోపారు. 200 టన్నులు దాటేసరికి కాంక్రీటు నెర్రెలిచ్చింది, రాతి గోడ 250 టన్నులకూ నిలిచింది. వాళ్లకు ఆ రహదారి పక్కన గోడ పని దక్కింది. ఒక్క గోడ. మిగతా దారంతా కాంక్రీటే.

2016 ఏప్రిల్ 14న, 16న కుమమొతోని రెండు భూకంపాలు కుదిపేశాయి. కోటగోడల్లో దాదాపు మూడోవంతు దెబ్బతింది, పదోవంతు కూలింది. ‘చూశారా, మీ రాతిగోడ’ అన్నవాళ్లున్నారు. వాళ్లు పరిశోధకులు చెప్పింది వినాలి: కూలిన చోట్లలో ఎక్కువభాగం 1889 భూకంపానికి ఒకసారి పడి, తర్వాతి కాలంలో తిరగ పేర్చినవే. ఇఇదమరు బురుజు దగ్గర రెండువైపులా గోడ జారిపోయినా, మూలరాళ్ల వరస ఒక్కటే స్తంభంలా మిగిలి పైనున్న బురుజుని మోసింది. పొడుగు ఇటూ, పొడుగు అటూ అని చెప్పానే, ఆ అల్లికే. పడిన ప్రతి రాయికీ అంకె వేసి, పాత ఫొటోలతో పోల్చి, దాని చోటుకే దాన్ని చేరుస్తున్నారు. మేడ 2021కే సిద్ధమైపోయింది. గోడలతో సహా మొత్తం పని ముగిసేది 2052కట.

హిరొసకి కోట వాళ్లకు మాత్రం చేతులెత్తి మొక్కాలి. 2015లో గోడ ఉబ్బిందని, సుమారు 400 టన్నుల కర్ర మేడని చెక్కుచెదరకుండా 78 మీటర్ల దూరం జరిపి, ముందు గోడని విప్పి పేర్చే పనికి దిగారు. గోడకి మేడ చోటిచ్చిన ఊరు అదొక్కటే నాకు తెలిసి.

2052 దాకా ఆ రాళ్లు ఎత్తేది ఎవరు? రాయిని చూసి దాని ముఖమేదో, నడుమేదో చెప్పగలిగే కన్ను పదేళ్లకు గానీ కుదరదు. ఒక కోట మరమ్మతుకీ ఇంకో కోట మరమ్మతుకీ మధ్య ఆ కుర్రవాడు ఏం తిని బతకాలి? సుమినొరి పనికోసం సముద్రాలు దాటాడు. పోర్ట్‌లాండ్‌లోని జపనీస్ గార్డెన్‌లో ఆయన గోడ ఉంది. వాస్తుశిల్పి కెంగొ కుమ గీసిన డాలస్ రోలెక్స్ భవనం అడుగునా ఆయన పేర్చిన రాళ్లున్నాయి. డాలస్‌లో మన తెలుగువాళ్లకు కొదవేముంది, ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్లండి. గడియారాల కోసం కాదు. గోడ దగ్గర వంగి, రెండు రాళ్లు ఎక్కడ తాకుతున్నాయో వేలు పెట్టి చూడమనండి.