‘తేలిక’ అన్న మాట ఎవరిది?

ఆదివాసీలలో విడాకులు తేలిక అని బయటివారు రాసే పుస్తకాల్లో, వ్యాసాల్లో తరచూ చదువుతుంటాం. కొందరు మెచ్చుకుంటూ రాస్తారు, కొందరు వెక్కిరిస్తూ రాస్తారు. మన పిల్లలు కూడా అదే నేర్చుకుంటున్నారు. తేలిక ఎవరికి అని మేం అడుగుతున్నాం.

కుల పెద్దలు కూర్చుంటారు. ఓలి ఎంత, తప్పు ఎవరిది, పిల్లలు ఎవరి దగ్గరుండాలి అని మాట్లాడతారు. మాట తెగాక మారుమనువుకు అడ్డుండదు. ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే పని లేదు. ఇది మన బలమే, కాదనం. కానీ అక్కడ ఆడవాళ్లు ఎందరు నోరు విప్పారో ఆ రచనలు చెప్పవు. ఓలి తిరిగి కట్టలేని పుట్టింటివాళ్లు కూతుర్ని మళ్లీ అత్తింటికే పంపితే, ఆమెకు అది తేలికేనా?

ఇక చట్టం సంగతి. 1955 హిందూ వివాహ చట్టం, సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మారేడుమిల్లి కొండల నుంచి ఒక కొండరెడ్డి ఆడపిల్ల రాజమండ్రి వకీలు దగ్గరికి వచ్చిందనుకుందాం. మామూలు విడాకుల పిటిషన్ వేస్తే ఈ సెక్షనే అడ్డం వస్తుంది. మీ ఆచారం రుజువు చేయండి అంటారు. ఆచారం ఉంది, కాగితం లేదు.

రుజువు లేకపోతే ఏమవుతుందో 2001లో చూశాం. భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని ఒక ఆదివాసీ భార్య సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రెండో పెళ్లి చెల్లదనే ఆచారాన్ని చూపలేదని ఆమె ఓడిపోయింది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు ఆడబిడ్డ వారసుల ఆస్తి కేసులో అదే కోర్టు మరో దారి పట్టింది. ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉందంటే, ఆ మాట అన్నవాళ్లే రుజువు చేయాలంది. ఒకటి పెళ్లి తగవు, ఒకటి ఆస్తి తగవు. రెండింటిలోనూ ప్రశ్న ఒకటే: ఆచారం ఏమిటో ఎవరు చెప్పాలి?

హైమెండార్ఫ్ 1945లోనే కొండరెడ్ల మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేశారు. విలువైన పుస్తకమే. కానీ ఎనభై ఏళ్ల కిందట బయటి నుంచి వచ్చిన పరిశోధకుడు చూసింది, ఈనాటి మన ఊరి మాట కాదు. పైగా పోలవరం ముంపుతో ఊళ్లు కాలనీలకు చెదిరిపోయాయి. ఒక్కచోట కూర్చుని తీర్పు చెప్పిన పెద్దలు తలా ఒక దిక్కున ఉంటే సాక్ష్యం ఎవరు చెబుతారు?

అందుకే యువతకూ టీచర్లకూ మేం చెప్పేది ఇది. ఊళ్లో విడాకుల తీర్పు జరిగితే తేదీ వేసి, ఇద్దరి సంతకాలు, సాక్షుల వేలిముద్రలతో రాయించండి. ఆచార పద్ధతిలో తగవులు తీర్చుకునే వీలును గ్రామసభకు 1996 పెసా చట్టం గుర్తించింది. ఆచారాలు సేకరించేటప్పుడు ఆడవాళ్లతో విడిగా కూర్చోండి. వాళ్లు అన్యాయమన్నదీ రాయండి, దాచవద్దు.

ఈలోగా భార్యకు, పిల్లలకు మనోవర్తి అడిగే హక్కు, 2005 గృహహింస చట్టం రక్షణ ఏ తెగ వారికైనా ఉన్నాయి. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆదివాసీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఈ సంగతి ప్రతి ఆశ్రమ పాఠశాలలో చెప్పాలి. మన గురించి తేలిక అని రాసేవాళ్లకు జవాబు ఆడపిల్లల అనుభవంతో మనమే రాయాలి.