చెయ్యి పడే చోటు

కొత్త ఫ్లాటులో వంటగది చేయించుకునేవాళ్లతో కూర్చుంటే ప్లైవుడ్ సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలని వాస్తు చూసే ఆయన ముందే చెప్పేసి ఉంటారు. గ్రానైట్ రంగు దగ్గర కాస్త తర్జనభర్జన నడుస్తుంది. అన్నీ అయ్యాక, కొటేషన్ మీద సంతకం పెట్టేముందు తెగకుండా మిగిలేది ఒక్కటే: అరలకు హ్యాండిల్స్ పెట్టించాలా, లేకుండా చేయించాలా?

వంటగదులు గీయడం, చేయించడం నా వృత్తి. ఈ ప్రశ్నను అలంకారం ఖాతాలో వేసేస్తే నాకు మనసొప్పదు. షట్టర్ రంగును కళ్లతో చూస్తాం, అంతే. తలుపు తీసే చోటు మీద మాత్రం పొద్దున డికాక్షన్ దిగినప్పటి నుంచి రాత్రి పాలు తోడుపెట్టేదాకా చెయ్యి పడుతూనే ఉంటుంది. తడిచెయ్యి, నూనెచెయ్యి, పిండిచెయ్యి. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నిజంగా వంట జరిగే చోట, కౌంటర్ కింది అరలకు హ్యాండిల్ ఉండాలి. పై అరలకు అక్కర్లేదు.

హ్యాండిల్ లేని అరలన్నీ ఒక్క రకం కావు. గోలా ప్రొఫైల్ అనేదాంట్లో కౌంటర్ కిందా, రెండు సొరుగుల మధ్యా అల్యూమినియం గాడి అడ్డంగా సాగుతుంది. వేళ్లు ఆ గాడిలోకి పోనిచ్చి షట్టర్ పై అంచు పట్టుకుని లాగాలి. ఇంకో రకంలో షట్టర్ అంచునే వంపుగా చెక్కుతారు, లేదా ఆ అంచుకు సన్నటి జె-ప్రొఫైల్ పట్టీ బిగిస్తారు. మూడోది నొక్కితే తెరుచుకునేది, షాపుల్లో పుష్-టు-ఓపెన్ అని అడిగితే ఇస్తారు. ఈ మూడింటి మంచిచెడ్డలు వేరు. ఇంటికొచ్చినవాళ్లు ‘హ్యాండిల్‌లెస్ కావాలండీ’ అనగానే నేను మొదట అడిగేది ఏ రకం అనే.

ఇదేదో నిన్నమొన్న పుట్టిన మోజు కాదు. జర్మనీలో సీమాటిక్ కంపెనీ పిడి లేని 6006 నమూనాను 1960లోనే తెచ్చింది. అంతకు ఎంతో ముందే, 1926లో, మార్గరెట్ షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ కాలనీ ఇళ్లకు ఒక వంటగది గీశారు. ఇవాళ్టి మాడ్యులర్ కిచెన్‌కు మూలం అదే. దాని వెడల్పు రెండు మీటర్లు కూడా లేదు. సామాన్లు పోసుకోవడానికి అల్యూమినియం సొరుగు డబ్బాలు వరసగా అమర్చారు. ఒక్కోదానికి ముందు పిడి, వెనక పోసుకునే ముక్కు. డబ్బా లాగిన చేత్తోనే వంచి గిన్నెలో పోసేయొచ్చు. ఆ గీతల్లో నాకు నచ్చేది అదే. ఏ పనికి చెయ్యి ఎటు కదులుతుందో చూసి, దాన్నిబట్టి చెక్క కోయించారు. ఇప్పుడు కోకాపేట, నార్సింగి వైపు కడుతున్న ఫ్లాట్లలో వంటగది హాల్లోకే తెరుచుకుంటోంది. సోఫాలో కూర్చున్నవాళ్లకు అరల ముఖాలు కనబడుతుంటాయి కాబట్టి ఏ అడ్డూ లేని నున్నటి గీత కావాలనిపించడం సహజమే. ఆ కోరికను నేను చులకన చేయను. సోఫా దగ్గర్నుంచి చూస్తే ఆ ముచ్చట న్యాయంగానే తోస్తుంది. పొయ్యి దగ్గర నిలబడితే లెక్క మారుతుంది.

పోపు వేసే ఒక్క నిమిషం దగ్గరగా చూడండి. నూనె కాగి ఆవాలు చిటపటమంటున్నాయి. ఎడమచేతిలో మూత. కుడిచేతి వేళ్లకు ఇందాక పిసికిన చింతపండు గుజ్జు. ఇంగువ పోపులడబ్బాలో లేదు, కింది సొరుగులో ఉంది. చెయ్యి కడుక్కొచ్చేలోపు ఎండుమిర్చి మాడిపోతుంది. గుజ్జు అంటనిది చిటికెనవేలు ఒక్కటే. దాన్ని హ్యాండిల్ వెనక్కి కొక్కెంలా పోనిచ్చి సొరుగు లాగుతారు, ఇంగువ తీస్తారు, మోకాలితో సొరుగు మూసేస్తారు. కొలతలు తీసుకోవడానికి వెళ్లిన ఇళ్లలో వంట జరుగుతుంటే ఓ పక్కన నిలబడి చూడటం నాకు అలవాటు. ఈ చిటికెనవేలి పని ఎవరికీ ఎవరూ నేర్పరు, అయినా అందరికీ వచ్చు.

గోలాలోనూ వేలితో లాగొచ్చు కదా అంటారు. లాగొచ్చు. తేడా అంతా ఆ గుజ్జు ఎక్కడ మిగులుతుందన్న దాంట్లో ఉంది. హ్యాండిల్‌కు అంటితే కంటికి కనబడుతుంది, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది. గాడిలోకి వెళ్లిన వేళ్ల మీది గుజ్జు షట్టర్ పై అంచుకు, దాని వెనక వైపుకు అంటుతుంది. నిలబడి చూస్తే కనబడదు, వంగి చూడాలి. కౌంటర్ అంచు నుంచి కారిన నీళ్లు, దులిపిన రవ్వ, కరివేపాకు రెబ్బ, చక్కెర పలుకులు అక్కడికే చేరతాయి. రాత్రి దీపం ఆర్పాక బొద్దింకలకు అంతకన్నా ఏం కావాలి? గోలా పెట్టించుకున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: వారానికోసారి పాత టూత్‌బ్రష్, గోరువెచ్చటి సబ్బునీళ్లు పట్టుకుని మూలమూలలా తోమాలి. అంత ఓపిక ఉన్న ఇంట్లో గోలా బాగానే ఉంటుంది.

కూకట్‌పల్లిలో ఒక ఇంట్లో అత్తాకోడళ్లిద్దరినీ కూర్చోబెట్టి డ్రాయింగ్ చూపిస్తున్నాను. కోడలు ఫోన్‌లో ఏదో వంటగది ఫొటో తీసి, “అత్తయ్యా, ఎంత ప్లెయిన్‌గా ఉందో చూడండి, కంటికి ఏదీ అడ్డం రావట్లేదు” అంది. ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకుని, బొమ్మ పెద్దది చేసి నిదానంగా చూశారు. “బాగుందమ్మా. శనగపిండి చేత్తో ఎక్కడ పట్టుకోవాలో అది కూడా చూపించు” అన్నారు. కోడలికి కోపం రాలేదు. ఫోన్ పక్కన పెట్టి, ఏ అరలో ఏం పెడతారో, వంట మధ్యలో ఏవి తీస్తారో ఒక్కొక్కటీ చెప్పమంది. ఆ సాయంత్రం డ్రాయింగ్ రెండుగా విడిపోయింది. పొయ్యి, సింకు ఉన్న గోడకు హ్యాండిల్స్. హాల్లోకి కనబడే వైపు గాజు గిన్నెలు, పండగ సామాను దాచే అరలకు గోలా. వాళ్లకు కుదిరిన ఆ పద్ధతి ఇంకా చాలా ఇళ్లకు కుదురుతుందని నా నమ్మకం.

పుష్-టు-ఓపెన్ మీద నాకు అంత ప్రేమ లేదు. రెండు చేతుల్లో గిన్నెలున్నప్పుడు తుంటితో తోస్తే సొరుగు తెరుచుకోవడం హాయే, కాదనను. కౌంటర్‌కు ఆనుకుని చపాతీలు ఒత్తుతున్నప్పుడు ఒళ్లు తగిలి తెరుచుకోవడమూ అంతే నిజం. షట్టర్ లోపలికి కదలాలంటే రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి. మామూలు పుష్ మెకానిజంతో మెల్లగా మూసుకునే సౌకర్యం రాదు. రెండూ కలిపి ఇచ్చే సామాను బ్లమ్, హెటిక్ లాంటి కంపెనీలు చేస్తాయి గానీ దానికి డబ్బు బాగా పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, నొక్కేది షట్టర్ ముఖాన్నే. మెరిసే తెల్ల అక్రిలిక్ మీద పసుపు చేతిముద్ర పడిన వంటగది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చేతికి విడిగా ఒక చోటు లేకపోతే, ఆ పనంతా షట్టర్ మొయ్యాల్సి వస్తుంది.

గోలానే నేను సూచించే ఇళ్లూ ఉన్నాయి. వంటగది వెడల్పు ఏడడుగులే అయి, రెండు గోడలకూ కౌంటర్లు వస్తే, రెండేసి అడుగులు పోగా నడవడానికి మూడడుగులు మిగులుతాయి. ఇద్దరు వీపులు ఆనించుకుంటూ తిరిగే ఆ చోట హ్యాండిల్స్ తొడలకు తగులుతుంటాయి. అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లలున్న ఇంట్లో వాళ్ల నుదురు సరిగ్గా సొరుగు హ్యాండిల్ ఎత్తులోనే ఉంటుంది. అలాంటివాళ్లు గోలా పెట్టించుకోవాలి, కాకపోతే చేసేవాడి చెయ్యి మంచిదై ఉండాలి. బాక్సు పక్క చెక్కల్లో ప్రొఫైల్ కూర్చునే గంటు ఒక్కో అరకు ఒక్కోలా పడితే గీత వంకర తిరుగుతుంది, ఆ వంకర ఇక ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీలో మిషను మీద కోయించిన బాక్సులకే నేను గోలా ఒప్పుకుంటాను. ఇంటి దగ్గర కూర్చుని చెక్క కోసే మేస్త్రీ ఎంత పనివాడైనా, ప్రతి బాక్సుకూ ఆ గంటు ఒకేలా తీయమనడం ఆయన్ని కష్టపెట్టడమే.

హ్యాండిల్ పెట్టాలనుకున్నాక ఏది కొనాలి? రెండు చివరలూ షట్టర్‌కే వంగి దిగే డి-ఆకారం కొనండి. చివరలు బయటికి పొడుచుకొచ్చే టి-బార్‌కు చున్నీ తగులుకుంటుంది, కుర్తా జేబు చిరుగుతుంది. రెండు స్క్రూల మధ్య దూరం 96, 128, 160, 192 మిల్లీమీటర్లుగా దొరుకుతుంది, అన్నీ 32 ఎక్కంలోవే. ఈ కొలతల్లో కొంటే పదేళ్ల తర్వాత హ్యాండిల్ మార్చాలన్నా పాత రంధ్రాలు సరిపోతాయి. అమెరికా నుంచి పిల్లలు ముచ్చటపడి తెచ్చేవాటిలో మూడంగుళాలవి, అంటే 76 మిల్లీమీటర్లవి ఎక్కువ. ఆ కొలతకు రంధ్రాలు వేశాక ఇక్కడి షాపుల్లో జోడీ దొరకడం కష్టం. రంధ్రం వేసేటప్పుడు షట్టర్ వెనక ఒక చెక్కముక్క గట్టిగా ఆనించమని మేస్త్రీకి చెప్పండి, లేకపోతే డ్రిల్లు బయటికొచ్చే వైపు లామినేట్ పెచ్చులూడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో పూత వేసిన చవక లోహం ఉప్పుగాలికి పొక్కిపోతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడిగి తీసుకోవాలి. ఇత్తడి ఇష్టమైతే పైన లక్కర్ పూత లేనిది కొనండి. నల్లబడితే చింతపండుతో తోముకోవచ్చు. పూత ఉన్నదాన్ని అలా తోమితే మచ్చలు మచ్చలుగా ఊడుతుంది.

పెద్దవాళ్లున్న ఇంట్లో ఇంకో పరీక్ష చేస్తాను. పిడికిలి బిగించి, వేళ్లు తెరవకుండా ఆ తలుపు తీయగలరా? డి-హ్యాండిల్‌లోకి పిడికిలి అంచు దూర్చి లాగొచ్చు. గుండ్రటి నాబ్‌కు గిల్లినట్టు పట్టు కావాలి, గోలాకు వేళ్ల చివర బలం కావాలి. కీళ్లనొప్పులున్నవాళ్లకు లేనిది ఆ బలమే. గట్టిగా పట్టుకోకుండా, గిల్లకుండా, మణికట్టు తిప్పకుండా ఒక్క చేత్తో తెరవగలగాలని అమెరికాలో వికలాంగుల చట్టం కింద 2010లో తెచ్చిన ప్రమాణాలు చెబుతాయి. చట్టం ఏ దేశానిదైనా, ఉప్పుడబ్బా తీసుకోవడానికి మనవరాలిని పిలవాల్సిన అవసరం లేని వంటగది ప్రతి పెద్దావిడకూ దక్కాలి.

పై అరల సంగతి తేలిక. షట్టర్‌ను బాక్సు కన్నా కిందికి అంగుళానికి కాస్త తక్కువగా దింపితే వేళ్లు పట్టే అంచు దానంతటదే వస్తుంది. ఏ సామానూ కొనక్కర్లేదు. ముచ్చటకు నాబ్‌లే పెట్టాలనిపిస్తే ఏటికొప్పాకవాళ్లు అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులద్ది చేస్తారు. నేను వాటిని హాల్లో గాజు అల్మరాకు, పూజగది తలుపుకు వాడతాను. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి పొయ్యి దరిదాపుల్లోకి రానివ్వను.

సిలిండర్ పెట్టే అర విషయంలో మాత్రం నేను బేరానికి దిగను. మిగతా వంటగదంతా గీత తెగకుండా సాగినా సరే, ఆ తలుపుకు హ్యాండిల్ ఉండి తీరాలి. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. అందుకే ఆ అరకు కిందా పైనా గాలి ఆడే సందులు పెట్టిస్తాను. రోజూ పడుకోబోయే ముందు రెగ్యులేటర్ కట్టాల్సిన తలుపు అది. తీయడం ఏమాత్రం ఇబ్బందైనా ఆ అలవాటు తప్పిపోతుంది. వాసన వచ్చిన రాత్రి, దీపం వేయకూడదు కాబట్టి చీకట్లో తడుముకుంటూ వెళ్తారు. చేతికి ఒక పిడి తగలాలి, లాగగానే తలుపు రావాలి. ఎక్కడ నొక్కాలో గుర్తుచేసుకునే సమయం కాదది. కరెంటుతో తెరుచుకునే మెకానిజం ఆ అరలో అసలే వద్దు. వంటగది అప్పగించే రోజు ఇంట్లో ఉన్నవాళ్లందరినీ, పనమ్మాయితో సహా పిలిచి, ఒక్కొక్కరి చేతా ఆ తలుపు తీయించి రెగ్యులేటర్ కట్టించాకే నేను తాళాలు ఇస్తాను.