పరగడుపు ఎవరిది?

పన్నెండేళ్ళుగా నా రోజు ఒక చిన్న తెల్ల మాత్రతో మొదలవుతోంది. థైరాయిడ్ మాత్ర. పరగడుపున నీళ్ళతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట, వీలైతే గంట, కడుపులో ఇంకేమీ పడకూడదు. మొదటిసారి ఆ మాత్ర రాసిచ్చిన డాక్టరు నాతో అన్నమాట ఇంతే: "కాఫీ మానెయ్యండి." ఎందుకో చెప్పలేదు, ఎప్పుడో చెప్పలేదు. నేను మానలేదు. మానలేదని చెప్పనూ లేదు. రెండేళ్ళపాటు పరీక్షలో టీఎస్‌హెచ్ దిగలేదు, మోతాదు మాత్రం పెరుగుతూ పోయింది. "మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగినప్పుడల్లా హోంవర్కు చెయ్యని పిల్లలా తలూపేదాన్ని. సాహిత్యం పాఠాలు చెప్పే మనిషిని, ఒక గ్లాసు కాఫీ గురించి ఎందుకు అబద్ధమాడాను? అది నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. అలవాటు కొద్దీ జవాబు కోసం పుస్తకాల్లో వెతికాను.

మన కథల్లో కాఫీకి కొదవలేదు. తెలుగు కథలో ఆడది ఎన్ని వేల కప్పులు మోసి ఉంటుందో! పెళ్ళిచూపుల్లో మోస్తుంది, మొగుడి స్నేహితులొస్తే మోస్తుంది, మామగారు పేపరు తీస్తే మోస్తుంది. ఆమె కప్పులు పెట్టి వెనక్కి తిరగ్గానే హాల్లో సంభాషణ మళ్ళీ మొదలవుతుంది, రచయిత కూడా హాల్లోనే ఉండిపోతాడు. వంటింట్లోకి వెళ్ళాక ఆమె తాగిందా లేదా? ఆ ప్రశ్న అడిగిన కథలు నాకు బహు తక్కువ దొరికాయి.

ఇక కాఫీని కీర్తించిన రచనల సంగతి. పోకూరి కాశీపత్యవధాని 'కాఫీ దండకం' తెలియని అవధాన ప్రియులుండరు. తనికెళ్ళ భరణి 2012లో తీసిన 'మిథునం'లో జొన్నవిత్తుల రాసిన కాఫీ దండకం బాలసుబ్రహ్మణ్యం గొంతులో ఎంత హాయిగా ఉంటుందో నేనూ ఒప్పుకుంటాను. విన్నప్పుడల్లా నవ్వుతాను కూడా. అయితే దండకమంటే దేవత ఎదుట భక్తుడు చేసే స్తుతి. ఇక్కడ దేవత కాఫీ, భక్తుడు తాగేవాడు. డికాక్షన్ దించి, పాలు పొంగకుండా చూసి, పంచదార ఎవరికెంతో గుర్తుపెట్టుకున్న మనిషికి ఈ పూజలో ఏ స్థానమూ లేదు, పూజారి స్థానం కూడా. ఆ సినిమాకి మూలమైన శ్రీరమణ కథ చివర్లో బుచ్చిలక్ష్మి తనకంటే ముందు భర్తే పోవాలని కోరుకున్నానంటుంది. తను లేకపోతే ఆయనకి జరగదని! చదివిన ప్రతివాళ్ళూ కన్నీళ్ళు పెట్టుకున్న చోటు అది. నేనూ పెట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే భయమేసింది. చావుల వరస కూడా కాఫీ అందించే వేళల్ని బట్టే నిర్ణయమైపోయింది కదా!

మనవాళ్ళేం చేశారన్న ప్రశ్నా వస్తుంది. విమల 'వంటిల్లు' కవితా, 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలిమేఘాలూ' వంటింటి గోడల్ని మనకి గోడలుగా చూపించాయి. ఆ రుణం తీరేది కాదు. అయినా నాదొక చిన్న ఫిర్యాదు. వంటింటిని చెరసాలగా రాసుకున్నంతగా, అందులో అందరూ లేవకముందు పొయ్యి పక్కన నిలబడి తాగే ఆ మొదటి గ్లాసు గురించి మనం రాసుకోలేదు. రోజు మొత్తంలో ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని పది నిమిషాలవి. నా అబద్ధానికి కారణం అక్కడ దొరికింది. డాక్టరు మానెయ్యమన్నది ఒక పానీయాన్ని, నాకు వినిపించింది ఆ పది నిమిషాలు వదులుకోమని.

అసలు వైద్యం చెప్పేది మానెయ్యమని కాదు. మాత్ర పేగులోంచి రక్తంలోకి వెళ్ళాలి. వెంటనే కాఫీ తాగితే అది సరిగా వెళ్ళదు. 2008లో ఇటలీ వైద్యులు ఈ సంగతి ప్రచురించారు. మాత్రనీ కాఫీనీ వేరుచేస్తే చాలన్నారు. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు, రాత్రి పడుకోబోయేముందు వేసుకున్నా బాగానే, ఇంకా మెరుగ్గానే పనిచేస్తుందని చూపించారు. అంటే ఇది వేళకి సంబంధించిన విషయం. వేళ ఎవరి చేతుల్లో ఉంటుందన్నది మాత్రం ఏ చీటీ మీదా రాసి ఉండదు.

మా ఇల్లందులో వేళలు బొగ్గు చేతుల్లో ఉంటాయి. సింగరేణి తవ్వకం 1889లో ఇక్కడే మొదలైంది. ఊరిని ఇప్పటికీ బొగ్గుట్ట అనేవాళ్ళున్నారు. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి ఓపెన్‌కాస్టులొచ్చాయి గానీ షిఫ్టులు పోలేదు. 1952 గనుల చట్టం ఆడవాళ్ళని గనిలోకి దిగనివ్వలేదు, 2019లో గానీ దాన్ని సడలించలేదు. కానీ మొదటి షిఫ్టుకి మనిషి ఏడింటికల్లా గని దగ్గరుండాలంటే, నాలుగున్నరకే ఇంకొక షిఫ్టు ఇంట్లో మొదలవ్వాలి. దానికి మస్టరు లేదు.

మా వీధిలో మాది ఒక్కటే కాఫీ ఇల్లు, మిగతా అందరిదీ చాయ్. ఎదురింటామెకి థైరాయిడ్‌తో పాటు రక్తం తక్కువ. అందులో వింతేమీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతే. ఐరన్ మాత్రకీ థైరాయిడ్ మాత్రకీ మధ్య నాలుగు గంటలుండాలి. అన్నం తినగానే చాయ్ గానీ కాఫీ గానీ తాగితే ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టదు. ఇదంతా కాగితం మీద గీసిచ్చాను, టీచర్ని కదా! ఆమె కాగితం చూసి నవ్వింది.

"అక్కా, ఆయన ఫస్టు షిఫ్టుకి పోయే వారం నేను లేచుడే చాయ్ పెట్టుడు. ఆ చాయ్ తాగకుంటే నాకు కాళ్ళు చేతులు ఆడవు. గంట ఎక్కడికెల్లి తేవాలె?"

"రాత్రి వేసుకోవచ్చట. తిన్నాక మూడు గంటలాగి."

"సెకండ్ షిఫ్టు వారం ఆయన ఇంటికొచ్చేసరికి పన్నెండు. ఆయన తిన్నాంక నేను తింట. ఇగ మూడు గంటలంటే తెల్లారుతది."

నా దగ్గర జవాబు లేదు. "ముందు నువ్వు తినెయ్" అనబోయి ఆగిపోయాను. ఆ ముక్క వేదిక మీద ఎన్నిసార్లు చెప్పానో, గడపలో నిలబడి చెప్పడం అంత తేలిక కాలేదు.

వర్జీనియా వుల్ఫ్ 1926లో జబ్బు గురించి వ్యాసం రాస్తూ, ప్రేమకీ యుద్ధానికీ ఉన్న చోటు జబ్బుకి సాహిత్యంలో ఎందుకు లేదని ఆశ్చర్యపోయింది. గొప్ప వ్యాసం. కానీ ఆమె మంచం మీంచి ఆకాశాన్ని చూస్తుంటే ఇంట్లో వంట చేసే మనిషి వేరే ఉంది. ఆ మనిషికి జ్వరమొస్తే వ్యాసం ఎలా ఉండేదో! మన దగ్గర 1991లో హైదరాబాదు స్త్రీలు కలిసి 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు, మన ఒంటి గురించి మనమే అడగొచ్చన్న ధైర్యమొచ్చింది. ఆ ధైర్యం కథల్లోకి ఇంకా పూర్తిగా రాలేదనిపిస్తుంది. మన కథల్లో జబ్బు మనిషి సాధారణంగా చనిపోతుంది, లేదా కోలుకుంటుంది. ముప్ఫయ్యేళ్ళు రోజూ మాత్ర వేసుకుంటూ, చంటిపిల్లల్ని పెంచుతూ, పాలవాడి లెక్క చూస్తూ బతికే మనిషికి మలుపు లేదు కాబట్టి కథ లేదనుకుంటున్నామా? ఆమెకి ప్రతి తెల్లవారుజామూ మలుపే. నిద్ర, మాత్ర, చాయ్, షిఫ్టు - నాలుగింటిలో ఏదో ఒకటి వదులుకోవాలి.

మొన్న ఎదురింటామె కొత్త రిపోర్టు తెచ్చి చూపించింది. టీఎస్‌హెచ్ హద్దులోకి వచ్చింది. ఎలాగని అడిగాను. ఇప్పుడు మూడున్నరకే అలారం పెట్టుకుని లేస్తోందట. మాత్ర వేసుకుని, మళ్ళీ పడుకుంటే లేవలేనన్న భయంతో వాకిలి ఊడ్చి, అంట్లు తోమి, నాలుగున్నరకి చాయ్ పెడుతోందట. డాక్టరు రిపోర్టు చూసి చాలా సంతోషించిందట.