పాత మేడలు – ఎవరి సొత్తు?

పాతమేడ యొకటి కూలబోవుచున్నదని పత్రికలలో వార్త వచ్చినప్పుడెల్ల మనలో రెండు పక్షములు బయలుదేఱును. అది పూర్వుల వైభవమునకు చిహ్నము గావున దానిపై చేయి వేయరాదని యొక పక్షమువారు వాదింతురు. అది నవాబుల దుర్వ్యయమునకును, దొరల పెత్తనమునకును గుఱుతు గావున కూలుటయే మేలనియు, ఆ స్థలమున బడియో ఆసుపత్రియో కట్టవచ్చుననియు రెండవ పక్షమువారు వాదింతురు. ఈ వాదములు పరస్పర విరుద్ధములుగా గనబడినను, విచారించి చూడగా రెండింటికిని మూల మొక్కటే. ఇరుపక్షములవారును ఇల్లనగా యజమానియే యని తలచుచున్నారు. యజమానిని మెచ్చువారు ఇంటిని నిలుపుమందురు; మెచ్చనివారు కూల్చుమందురు. యజమాని గతించిన పిమ్మట ఇంటి బ్రదుకు వేఱుగా సాగునను సంగతి యెవరికిని తట్టదు. హైదరాబాదు నగరమునందలి కొన్ని మేడల చరిత్రమునుబట్టి యీ తలంపును విమర్శించుటయే మా యుద్దేశము.

కావ్యమును విమర్శించువాడు అలంకారములను లెక్కించి యూరకుండడు. కవి చెప్పినదేమి, చెప్పక దాచినదేమి యని యడుగును. ఇంటి విషయమునను అంతే. స్తంభములు, కమానులు, గచ్చుపూతలోని లతలు అలంకారములు మాత్రమే. గదుల అమరిక అర్థము. ఎవరు ఏ వాకిట ప్రవేశింతురు, ఎవరు ఎచ్చట భుజింతురు, ఎవరి కంటికి ఇంటి ముఖము కనబడదు – ఈ ప్రశ్నల కుత్తరము దొరకిననాడే ఇల్లు మనకు తెలిసినట్లు.

కోఠియందలి రెసిడెన్సీ భవనమును చూడుడు. నిజాము దర్బారున ఈస్టిండియా కుంపిణీ తరపున రెసిడెంటుగా నుండిన జేమ్స్ అకిలీజ్ కర్క్‌పాట్రిక్ 1803లో దీనిని కట్ట నారంభించెను. 1806 ప్రాంతమున పూర్తియయ్యెను. మద్రాసు ఇంజనీరు దళమువాడైన సామ్యూల్ రస్సెల్ దీనికి నక్షా వ్రాసెను. పదునాఱవ శతాబ్దమున ఇటలీదేశమందు పల్లాడియో యను శిల్పి ప్రాచీన రోమకుల కట్టడములను చూచి యొక పద్ధతిని నెలకొల్పెను. దానిని ఇంగ్లండు అనుకరించెను. ఆ యనుకరణమునకు మూసీతీరమున మరల జరిగిన యనుకరణమిది. ఎత్తయిన మెట్లు, వానికిరుప్రక్కల సింహములు, ఆఱు మహాస్తంభములు, వానిపై త్రికోణాకృతిలో కుంపిణీవారి చిహ్నము – చూచువానిని చిన్నవానిగా చేయుటకే యివన్నియు నమర్చబడినవి. కట్టించినది కుంపిణీ ప్రతినిధియే గాని వెచ్చమును భరించినది నిజాము ఖజానా. స్థలముకొఱకు పెద్ద పటము చూపగా నిజాము నిరాకరించెననియు, దానినే చిన్న కాగితముపై వ్రాసి చూపగా ఇంత కొంచెమే గదా యని సమ్మతించెననియు నొక కథ ప్రచారమున నున్నది. కథ యెట్టిదైనను, రాజ్యము కాగితముపై చిన్నదగుచు చేజాఱిన విధమునకు అది తగిన యుపమానమే.

ఇంతవఱకు అలంకారము. ఇక అర్థము. కర్క్‌పాట్రిక్ ఖైరున్నీసా యను హైదరాబాదు ఉన్నతకుటుంబపు కన్యను వివాహమాడెను. ఆమెకొఱకు తోటలో రంగమహలను జనానా వేఱుగా కట్టబడెను. ఘోషాయందుండుటచే ఆమె పెద్దమేడను తిరిగి చూడ వీలులేకపోగా, ఆమెకొఱకై మేడయొక్క చిన్న ప్రతిరూపమును కట్టించి చూపెనని నగరమున చెప్పుకొందురు. ఆ ప్రతిరూపము నేటికిని అచ్చట నున్నది. రంగమహలు మాత్రము పందొమ్మిదవ శతాబ్దమునందే నేలమట్టము చేయబడెను. లోకమునకు మేడ, ఇల్లాలికి బొమ్మ: ఈ యొక్క సంగతిలో ఆ కాలపు గృహధర్మ మంతయు నిమిడియున్నది. ప్రేమ లేదని మే మనము. ప్రేమ యున్నను గోడ తొలగలేదనియే మా మాట. స్తంభముల యెత్తును మాత్రము కొలిచిపోవువానికి ఈ గోడ కనబడదు.

ఆ తరువాతి చరిత్ర మింకను గమనింపదగినది. 1857 జూలై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీనుల నాయకత్వమున జనులు ఈ రెసిడెన్సీపై పడిరి. ఆ పోరాటము విఫలమయ్యెను; మేడ నిలిచెను. తొంబదిరెండేండ్ల పిమ్మట, 1949లో, అదే మేడ ఆడపిల్లల కళాశాల కిచ్చబడెను. 1924లో స్థాపింపబడిన ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమయ్యెను. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టబడెను. పాలకుర్తిలో తాను సేద్యము చేయు భూమికొఱకు విసునూరు దేశముఖు నెదిరించి నిలిచిన యామెను ఎఱుగని తెలుగువారుందురా? దొర కట్టించెను, నవాబు వెచ్చమిచ్చెను, ఇల్లాలు చూడలేకపోయెను, ఆడపిల్లలు వేలకొలది మెట్లెక్కి చదివిరి, తుదకు చాకలిస్త్రీ పేరు వాకిట నిలిచెను. 1949లో దీనిని పరదాస్యచిహ్నమని కూల్చియుండినచో మనకు మిగులునది కొంత కంకర. మేడ నిలిచినందుననే దానికి తగిన ప్రత్యుత్తర మియ్యగలిగితిమి.

అయిన నిందులో మఱియొక పాఠము గలదు. ఉపయోగములో నున్న ఇల్లే బ్రదుకునని పెద్దలందురు. అది సగము సత్యము. మరమ్మతు లేని యుపయోగము మెల్లగా కూల్చుటయే. దశాబ్దములపాటు తరగతులు నడచిన యీ మేడ కప్పులు కాఱి, గోడలు చెమ్మగిలి, 2002 నాటికి వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండు సంస్థవారి అపాయస్థితిలోని కట్టడముల జాబితా కెక్కెను. పునరుద్ధరణము ముగిసి ముఖ్యభవనము మరల తెఱవబడుట 2023లో. ఏటేట చేసియుండిన చిన్నపని, ఇరువది యేండ్ల పెద్దపని యయ్యెను. మరమ్మతు పేర జరుగు అపకారము సైతము కలదు. డంగుసున్నముతో కట్టిన గోడ చెమ్మను పీల్చి వెలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ లోననే చిక్కి, పూత పెల్లలుగా రాలి, లోపలి ఇటుక పొడియగును. పాతయింటికి తెలివిలేని శ్రద్ధ అశ్రద్ధకంటె తక్కువ కీడు చేయదు.

ఫలక్‌నుమా భవనము వేఱొక మార్గమును చూపుచున్నది. పాయెగా వంశీయుడైన వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేయించెను. నూటొక్కమంది యొక్కసారి కూర్చుండి భుజింపగల బల్ల యిందు గలదు. ఆ బల్లకు తగిన యాదాయము మాత్రము యజమానికి లేకపోయెను. అప్పులు మీదబడి శతాబ్దాంతమునకు ఆ మేడ ఆఱవ నిజామునకు చేరెను. పిదప చిరకాలము మూతబడి, 2010 నుండి తాజ్ సంస్థవారి హోటలుగా నడచుచున్నది. గోడలు, కొయ్యపని, దీపవృక్షములు రక్షింపబడినవి. పనివారికి జీతము దొరకుచున్నది. దీనిని నిందించుట న్యాయము గాదు. అయినను విమర్శకు తావు గలదు. ఆనాడు నవాబు పిలిచినవానికే ప్రవేశము. నేడు వెచ్చము పెట్టగలవానికే ప్రవేశము. ఆహ్వానము మాఱినది గాని వాకిలి వెడల్పు మాఱలేదు. చౌమహల్లా భవనమును చూడుడు. అది నిజాము వంశీయుల పూనికతో బాగుచేయబడి, 2005 నుండి ప్రదర్శనశాలగా కొలది రుసుముతో ఎల్లరకును తెఱవబడి, 2010లో యునెస్కోవారి పురస్కారమునకు పాత్రమయ్యెను. సొంతదారుని సొత్తుగా నుండియే ఇల్లు లోకులది కావచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఇక చట్టము మాట. హైదరాబాదు నగరాభివృద్ధి నిబంధనలలో 1995లో పదుమూడవ నిబంధన చేర్చబడెను. జాబితాలోని పాతకట్టడములను అనుమతి లేక మార్చరాదు, కూల్చరాదని దాని సారాంశము. 2015 డిసెంబరులో ఆ నిబంధన తొలగింపబడెను. 2017లో తెలంగాణమునకు వారసత్వరక్షణ చట్టము వచ్చెను. ఇంతలో ఇర్రమ్ మంజిల్ వివాదము పుట్టెను. నవాబు ఫక్రుల్ ముల్కు 1870 ప్రాంతమున పంజాగుట్ట దాపున నొక గుట్టపై కట్టించిన మేడ యిది. గుట్ట పేరు తెలుగువారి నోట ‘ఎఱ్ఱ’ యనియు, పారసీకమున ‘ఇరమ్’ అనగా స్వర్గోద్యానమనియు, రెండు భాషలకును సరిపోవునట్లు ఆ పేరు కుదిరెనని చెప్పుదురు. పిదప సర్కారువారిదై కార్యాలయములకు వినియోగింపబడెను. 2019 జూన్ నెలలో ఆ స్థలమున నూతన శాసనసభా భవనమును కట్టుటకు మంత్రివర్గము నిశ్చయించెను. శంకుస్థాపనము సైతము జరిగెను. పౌరులు కొందఱు న్యాయస్థానమున కెక్కిరి. 2019 సెప్టెంబరు 16వ తేదీన హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను.

ఈ తీర్పు హర్షింపదగినది. కాని తీర్పుతో తృప్తిపడుట తగదు. న్యాయస్థానము కూల్చకుమని చెప్పగలదు గాని కప్పు వేయలేదు. కూల్చుటకు సెలవు దొరకని యిల్లు తనంత కూలువఱకు వేచియుండుట మన దేశమున క్రొత్త విద్య గాదు. వాన, రావిమొక్క, చెదపురుగు – ఈ మూడింటిపై ఏ యుత్తరువును చెల్లదు.

సర్కారు మేడ గతియే యిట్లుండగా గృహస్థుల మేడల గతి చెప్పనేల? చార్మినారు త్రోవలోని మాల్వాలా భవనము పందొమ్మిదవ శతాబ్దపు కట్టడము, కొయ్యపనికి పేరువడసినది. జాబితాలో నుండియు 2000లో కొంతభాగము కూల్చబడెను. ఇట్టివి జరిగినప్పుడు యజమానిని ఆశాపాతకుడని దూషించుట సులభము. కాని యజమాని పక్షమునను ఆలోచింపవలయును. తాత కట్టిన దేవిడికి పదునొకండుగురు వారసులుందురు. వాటాలు తెగవు. అద్దె చాలదు. సున్నపుపని తెలిసిన మేస్త్రి దొరకడు. దొరకినను కూలి గిట్టదు. ప్రక్కవాడు అంతస్తులు లేపి ధనవంతుడగుచుండగా, ఇతనికి మాత్రము నీ యిల్లు జాతిసంపద యని నోటీసు వచ్చును. ఆంక్ష వెంటనే వచ్చును, సహాయము రాదు. జాతిసంపదకు జాతి యంతయు ఫలభోక్తయై, ఒక్క కుటుంబము మాత్రమే కావలికాయ వలయునని విధించుట ధర్మము గాదు.

కావున మేము కోరున దిది. ఆంక్షతోపాటు సహాయమును చట్టములోనే వ్రాయవలెను. పన్ను మినహాయింపు, మరమ్మతునకు తక్కువవడ్డీ అప్పు, సున్నపుపని నేర్చిన మేస్త్రీలను తయారుచేయు పాఠశాల – ఇవి లేని జాబితా మరణవార్తల పట్టిక వంటిది. సహాయము పుచ్చుకొన్న యజమాని ఏటికి కొన్ని దినములైనను ఇంటిని ఎల్లరకును తెఱవవలెను. ఇంగ్లండున నేషనల్ ట్రస్టువారు 1937 నాటి చట్టముచే ఇట్టి యేర్పాటే చేసిరి. ఇంటిని ట్రస్టున కొప్పగించిన యజమాని అందే కాపుర ముండవచ్చును. ప్రజలు వచ్చి చూడవచ్చును. పరాయి పద్ధతిని యథాతథముగా దెచ్చుకొనుమని మే మనము. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును అందున్నవని చూపుచున్నాము.

ఆకలిగొన్నవారుండగా మేడలకు ధనమేల యని యడుగుదురు. ఈ యాక్షేపణ గౌరవింపదగినది. కాని కూల్చిన మేడ ధనము ఆకలిగొన్నవారి యింటికి చేరుట మే మెచ్చటను చూడలేదు. అది కాంట్రాక్టరు నింటికి చేరును. మఱియు పేదవాని చెమటయే ఆ గోడలలో నున్నది. రాయి మోసినవాడు, సున్నము దంపినది, లత చెక్కినవాడు – వీరి పేర్లు ఏ పట్టికలోను లేవు. వారి చేతిపని యొక్కటియే వారి శాసనము. మేడను కూల్చినచో నవాబు పేరు గ్రంథములలో మిగులును. కూలివాని గుఱుతు మాత్రము సమూలముగా నశించును.

తుదిగా, మేడలు లేని మన సంగతి. జాబితాలు సామాన్యముగా స్తంభముల నెత్తునుబట్టి వ్రాయబడుచున్నవి. రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారి యిల్లు స్తంభములనుబట్టి చూచిన ఏ జాబితాకును ఎక్కదు. కాని 1881 డిసెంబరులో ఆయన ఆ పట్టణమున జరిపించిన మొదటి వితంతువివాహము తెలుగుదేశపు ప్రతియింటి గదుల అమరికను కదలించినది. గోదావరి మండలములలో మండువా లోగిళ్ళు ఏటేట నేలపాలగుచున్నవి. వానిలో వెలుగు దిగు నడిమి వాకిలియు నున్నది. తల చెడిన ఆడుబిడ్డను కూర్చుండబెట్టిన చీకటిగదియు నున్నది. మొదటిదానికొఱకు మాత్రమే లోగిలిని తలచి విచారపడువారు చరిత్రమును సగము చదివినవారు.

అన్ని లోగిళ్ళను నిలుపుట యెవరి తరమును గాదు. కూల్చక తప్పనిచో, కూల్చుటకు ముందు చదువరు లొక పని చేయవచ్చును. ఇంటి కొలతలు తీసి పటము వ్రాయుడు. ఏ గదిలో ఎవరుండిరి, ఎవరు ఏ గడప దాటరాదో, నూతి నీరు ఎవరికి నిషిద్ధమో, కట్టిన మేస్త్రి యెవరో, ఇంటిలోని ముదుసలి స్త్రీల నడిగి వ్రాసియుంచుడు. మగవారి నడిగిన పెత్తనము తెలియును. ఆడువారి నడిగిన ఇల్లు తెలియును. ఆ కాగితములను ఊరి గ్రంథాలయమున నుంచుడు. దీనికి సర్కారు సెలవు అక్కఱలేదు, ధనమును అక్కఱలేదు. వచ్చు వేసవిలో కూలబోవు ఇండ్లు ప్రతి యూరను ఉన్నవి. వానిలో పుట్టి పెరిగిన ముదుసళ్ళును ఉన్నారు. ఎవరు ముందు పోవుదురో చెప్పలేము గనుక ఈ పని వేసవికి ముందే జరుగవలెను.