వంకర కుట్లన్నీ నడిమధ్యనే

మా మనవరాలి క్విల్ట్‌ను నేల మీద పరిస్తే నేను నేర్చుకున్న చదువంతా వరసగా కనిపిస్తుంది. అంచుల దగ్గర కుట్టు ఒద్దికగా, ఒకే నిడివితో వంపులు తిరుగుతూ పోతుంది. లోపలికి వచ్చేకొద్దీ తడబడుతుంది. సరిగ్గా నడిమధ్యన, అందరి కళ్లూ ముందుగా పడే జానెడు మేర, తడి మట్టిలో కోడి నడిచినట్టు ఉంటుంది. “వచ్చీరాని కుట్టు ఏదో ఓ మూల మొదలుపెట్టొచ్చుగా అమ్మా” అంది మా అమ్మాయి. పెట్టకూడదు. ఎందుకో చెప్పాలంటే ముందు క్విల్ట్ అంటే ఏమిటో చెప్పాలి.

అమ్మాయి కాన్పుకని కెంటకీ వెళ్లి ఆర్నెల్లు ఉన్నాను. పొత్తిగుడ్డలకు పనికొస్తాయని ఉతికి ఉతికి మెత్తబడ్డ మంగళగిరి నూలు చీరలు పెట్టెలో పట్టుకెళ్లాను. పక్కింటావిడకు డెబ్బై దాటాయి. ఆ చీర కొంగును రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, దీంతో పిల్లకు క్విల్ట్ కుట్టుకో, నేను నేర్పుతానంది. వాళ్లింటి కింది గదిలో మిషను, గోడ నిండా దారపు రీళ్లు. నాకు అమెరికాలో దొరికిన బడి అదే.

దుప్పట్లు కుట్టడం మనకు తెలియని విద్య కాదు. మా అమ్మమ్మ నాలుగైదు పాత చీరలూ పంచెలూ ఒకదానిమీద ఒకటి పరిచి, పెద్ద సూదితో వరసలు వరసలుగా దించి తీస్తూ బొంత కుట్టేది. కాకపోతే మన భాషలో బొంతకు మర్యాద తక్కువ. ‘గంతకు తగ్గ బొంత’ అన్నా, ‘అతుకుల బొంత ప్రభుత్వం’ అన్నా మెచ్చుకోలేమీ ఉండదు. చలికాలం తెల్లవారుజామున మాత్రం ఆ బొంత వదిలి లేవడానికి ఎవరికీ మనసొప్పేది కాదు.

బొంతలో ఉన్నవన్నీ గుడ్డ పొరలే. క్విల్ట్‌లో పొరలు మూడు. పైన ముక్కలు అతికిన గుడ్డ, అడుగున అస్తరు, రెండింటి మధ్య పలచని దూది పొర. ఆ దూది పొర పేరు బ్యాటింగ్. బ్యాటింగంటే క్రికెట్టే అనుకునే నాకు ఆ మాట అలవాటు కావడానికి వారం పట్టింది. ముక్కలు అతకడం ఒక పని, మూడు పొరల్నీ కలిపి కుట్టడం ఇంకో పని. ఆ రెండోదే క్విల్టింగ్. చూడ్డానికి అలంకారంలా ఉన్నా అసలు పని పట్టి ఉంచడం. కుట్టు వదిలేసిన చోట, నాలుగు ఉతుకులకే, పాత పరుపులోలాగా దూది ఓ మూలకు చేరి ఉండకడుతుంది. అందుకే బ్యాటింగ్ పొట్లం మీదే రాసి ఉంటుంది, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎన్ని అంగుళాలకు మించి ఖాళీ ఉండకూడదో.

అమెరికాలో ఈ కుట్టంతా చాలాకాలం చేత్తోనే సాగింది. చట్రానికి బిగించి చుట్టూ ఆడవాళ్లు కూర్చుని కుట్టేవాళ్లు. ఐజాక్ సింగర్ కుట్టుమిషనుకు 1851లో పేటెంటు వచ్చాక, అది ఇళ్లలోకి చేరేకొద్దీ దుప్పట్ల మీదా మిషను కుట్టు కనిపించసాగింది. జార్జియాలో 1837లో బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ బైబిలు కథల్ని గుడ్డ బొమ్మలుగా అతికి కుట్టిన దుప్పటి ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అందులో చేతికుట్టూ ఉంది, మిషను కుట్టూ ఉంది. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది వచ్చి ఆమె దాన్ని అయిదు డాలర్లకు అమ్ముకుంది.

అయినా మిషను క్విల్టింగ్‌ను చాలామంది చాలాకాలం సగం పనిగానే చూశారు. హారియెట్ హార్‌గ్రేవ్ 1987లో రాసిన పుస్తకం, ఇంట్లో ఉండే మామూలు మిషను మీద కూడా తరతరాలు దాచుకునే పనితనం సాధ్యమని ఎందరికో నేర్పింది. రెండేళ్లకే, 1989లో, కెంటకీలోని పడూకా పట్టణంలో జరిగే పెద్ద క్విల్ట్‌ల పోటీలో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుడ్డలోకి దించిన క్విల్ట్‌కు మొదటి బహుమతి వచ్చింది. ఆ పోటీలో మిషను మీద క్విల్టింగ్ చేసిన దుప్పటి అగ్రస్థానంలో నిలవడం అదే మొదలు. ఆమె విమానంలో పరిచారికగా ఉద్యోగం చేసిన మనిషి. ఇప్పుడా క్విల్ట్ పడూకాలోనే ఉన్న నేషనల్ క్విల్ట్ మ్యూజియం సొత్తు.

ఇక పనిలోకి వద్దాం. మామూలుగా కుట్టేటప్పుడు సూది కింద ఉండే ఇనుప పళ్లు గుడ్డను వెనక్కి లాగుతుంటాయి. నడక మిషనుది, కుట్టు నిడివీ దానిదే. మనం దారి చూపితే చాలు. నేను నేర్చుకున్నది ఫ్రీ మోషన్ క్విల్టింగ్. అందులో ఆ పళ్లను కిందికి దించేస్తాం. గుడ్డను అదిమిపట్టే పాదం తీసేసి, సూదితోపాటు లేచి పడే చిన్న పాదం బిగిస్తాం. ఇక మిషనుకు తెలిసిందల్లా పైకి లేవడం, కిందికి దిగడం, అచ్చం రోకలిలా. రోకలి పడి లేచే సందులో రెండో చెయ్యి రోట్లో పిండిని ఎగదోస్తుంది చూడండి, గుడ్డను జరిపే చెయ్యి పని అదే. ఆగితే కుట్లన్నీ ఒకేచోట ముద్దకడతాయి. తొందరపడితే ఒక్కో కుట్టూ బారెడవుతుంది. అంగుళానికి పదీ పన్నెండు కుట్లు పడ్డాయంటే కాలి వేగం, చేతి వేగం ఒక లయకు వచ్చినట్టు.

మన ఊళ్లలో జాకెట్టు చేతుల మీద రింగు బిగించి మిషను ఎంబ్రాయిడరీ చేసేవాళ్లది కూడా ఈ విద్యే. కాకపోతే వాళ్ల ముందున్నది రింగులో బిగిసిన గుడ్డ. క్విల్ట్‌కు రింగు లేదు, పైగా బరువు. ఓ కొస బల్ల దిగి జారిందంటే కుట్టు ఆ వైపే లాగేస్తుంది. అందుకని దాన్ని ఒళ్లోకీ భుజం మీదికీ ఎత్తుకుని, సూది చుట్టూ రెండు అరచేతుల మేర మాత్రం చదునుగా ఉంచుకుని, అంతవరకే కుట్టాలి. తర్వాత సూది గుడ్డలో దిగి ఉండగానే ఆపి, చేతులు జరుపుకుని మళ్లీ మొదలుపెట్టాలి. వేళ్లకు రబ్బరు పట్టున్న చేతితొడుగులు వేసుకుంటే గుడ్డను నొక్కకుండానే జరపొచ్చు.

ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. అస్తరును నేల మీద ముడత లేకుండా పరిచి, దూది పొర, పైగుడ్డ వేసి, అరచేయి వెడల్పుకొకటి చొప్పున పిన్నీసులు గుచ్చుకుంటూ రావాలి. ఇందులో బద్ధకించినవాళ్లకు అడుగున మడతలు పడతాయి. కుట్టేటప్పుడు చూసేది పైవైపే కదా, కుట్టంతా అయ్యాక తిరగేసినప్పుడు గానీ అవి కనబడవు.

కుట్టు మధ్యలోనే ఎందుకు మొదలుపెట్టాలో ఇప్పుడు చెప్పొచ్చు. ఎంత సాగదీసి పరిచినా గుడ్డలో ఎక్కడో కాస్త వదులుంటుంది. నడిమి నుంచి అంచులకు కుట్టుకుంటూ పోతే ఆ వదులు బయటికి పోతుంది. అంచుల నుంచి లోపలికి వస్తే నడుమ చిక్కుకుని బుడగలా లేస్తుంది. కాబట్టి నేర్చుకునేవాడి మొదటి కుట్లు, అంటే అన్నిటికన్నా అధ్వాన్నమైనవి, నడిమధ్యనే పడి తీరాలి. ఈ విద్యలో దాక్కోవడానికి మూల లేదు.

మొదట నేర్పేది మీండరింగ్, అంటే వాగులా మెలికలు తిరుగుతూ జాగా నింపే ఒంటి గీత. ముగ్గులు వేసిన చేతికి ఇదొక లెక్కా అనుకున్నాను. ఆ ముగ్గే నన్ను ముంచింది. మెలికల ముగ్గులో గీత చుక్కల చుట్టూ తిరుగుతూ తనను తానే దాటుకుంటూ బయల్దేరిన చోటికి వచ్చి కలుస్తుంది. మీండరింగ్‌లో గీత గీతను దాటకూడదు. నా చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ దాటుతూనే ఉంది. “సూది వంక చూడకు, వెళ్లబోయే చోటు చూడు” అనేది పక్కింటావిడ. ఆమె సలహా మీద కాగితం మీద పెన్సిలు ఎత్తకుండా పది రోజులు గీశాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నా గీత ఆగలేదు.

రెండో పాఠం వెనకవైపు తెలిసింది. పైన కుట్టు ముచ్చటగా ఉంది. తిప్పి చూస్తే వంపు తిరిగిన ప్రతిచోటా అడుగు దారం నిటారుగా బిగిసి, పైదారం దానిమీద కనురెప్ప వెంట్రుకల్లా ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. క్విల్ట్ కుట్టేవాళ్లు దాన్ని పిలిచేదీ ఆ పేరుతోనే, ‘ఐ లాషెస్’ అని. వంపు దగ్గర చెయ్యి విసురుగా తిరిగినా, పైదారం బిగువు చాలకపోయినా అలా అవుతుంది. టెన్షన్ కొంచెం పెంచి, మలుపుల్లో చెయ్యి నెమ్మది చేయాలి. అందుకే మిగిలిన దూదీ గుడ్డా కలిపి అడుగు మేర చిన్న దిండు గలీబంత ముక్క తయారుచేసుకుని, రోజూ ముందు దానిమీద కుట్టి, తిరగేసి చూసుకున్నాకే అసలుదాన్ని ముట్టుకోవాలి. ఇంకో అలవాటు కూడా పెట్టింది ఆవిడ. మొదలుపెట్టేముందు అడుగు దారాన్ని పైకి లాగి రెండు కొసలూ పట్టుకుని, మూడు నాలుగు బుల్లి కుట్లు వేసి ముడి పడనివ్వాలి. లేకపోతే ఆ కొస వెనక్కి పోయి పిట్టగూడు కడుతుంది.

నడిమి ముక్క విప్పి మళ్లీ కుడదామనుకున్నాను. కుట్లు విప్పే పుల్ల కూడా చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ వద్దంది. వెనక ఉచ్చులున్నచోట విప్పు, అవి పిల్ల వేళ్లకు తగులుకుంటాయి, వంకరగా ఉన్నవి ఉండనీ అంది. తప్పు కుట్టుకూ వికారపు కుట్టుకూ తేడా అప్పుడు తెలిసింది. పొరల్ని పట్టి ఉంచలేనిది తప్పు. వంకరపోయినా పట్టి ఉంచితే దాని పని అది చేసినట్టే. కొలతబద్దకూ చట్రానికీ లొంగని ఈ విద్య విలువ నాకు అక్కడే కనబడింది. నేర్చుకోవడానికని వేరే గుడ్డ, వాడుకోవడానికని వేరే గుడ్డ ఉండవు. నేర్చుకుంటూ కుట్టిందే రేపు ఎవరినో వెచ్చగా ఉంచుతుంది. అమ్మమ్మ బొంతలోనూ ఇదే ఉండి ఉంటుంది. నాకప్పుడు చూడ్డం రాలేదు.

కుట్టు ముగించి, చుట్టూ పట్టీ వేసి మొదటిసారి ఉతికాం. నూలు దూది ఉతుకులో కొంచెం ముడుచుకుంటుంది. గుడ్డ మీద సన్నని ముడతలు లేచి, వంకర కుట్లు సగానికి సగం వాటిలో కలిసిపోయాయి. మిగతా సగం ఇప్పటికీ వేలితో తడిమితే తగులుతాయి. పసిపిల్లను పడుకోబెట్టేది అంచుల మీద కాదు కదా. మా మనవరాలు మెడ నిలిపిందీ, బోర్లాపడిందీ ఆ కోడి నడిచిన జానెడు మేర మీదే.