గార్డియన్ సంతకం, కోర్టు ముద్ర

సారా రెక్టర్ కథని 'కోటీశ్వరురాలైన నల్ల పిల్ల' అంటూ అదృష్టం కథగా చెబుతుంటారు. ఆ చెప్పడంలోనే మోసం ఉందంటాం మేం.

1902లో పుట్టిన సారాది, అమెరికాలో క్రీక్ తెగవాళ్ల దగ్గర బానిసలుగా బతికి, 1866 ఒప్పందంతో ఆ తెగలో పౌరసత్వం పొందిన నల్లవాళ్ల సంతతి. తెగ ఉమ్మడి భూమిని ప్రభుత్వం ముక్కలు చేసి పంచినప్పుడు ఆమె వాటాకి సుమారు 160 ఎకరాల రాళ్లనేల వచ్చింది. 1911లో దాన్ని లీజుకిచ్చారు. 1913లో చమురు పడింది, రోజుకి సుమారు 2,500 పీపాలు. అప్పటికి ఆమెకి 11 ఏళ్లు.

అదృష్టం సరే, సంతకం ఎవరిది? 1908 మే 27 నాటి చట్టం ఈ తెగల మైనర్ల ఆస్తిని ఓక్లహోమా ప్రొబేట్ కోర్టుల కింద పెట్టింది. అదే చట్టం నల్లవాళ్ల వాటాల మీద ఉన్న ఆంక్షల్ని ఎత్తేసింది. ఆదివాసీ రక్తం ఎక్కువని నమోదైనవాళ్లకి కొనసాగించింది. అంటే రక్షణని కూడా రక్తం చూసి కొలిచారన్నమాట. గార్డియన్ లీజు రాస్తాడు, జడ్జి ఆమోదిస్తాడు. గార్డియన్ ఫీజూ, వకీలు ఫీజూ పిల్ల సొమ్ములోంచే. ఇక ఆ లీజుని ప్రశ్నిస్తే కోర్టునే ప్రశ్నించినట్టు.

ఇలాంటి రికార్డులు తవ్వి ఏంజీ డెబో 'అండ్ స్టిల్ ద వాటర్స్ రన్' రాసింది. బతికున్న పెద్దమనుషుల పేర్లున్నాయని ఓక్లహోమా యూనివర్సిటీ ప్రెస్ వెనక్కి తగ్గింది. చివరికి 1940లో ప్రిన్స్‌టన్ అచ్చేసింది. దోపిడీ చేసినోళ్లకి లేని భయం, దాన్ని రాసినామెకి చూపించారు.

సారా ఆస్తి కొంతైనా నిలిచింది గదా అంటారు. 1914లో నల్లవాళ్ల సంస్థలు గార్డియన్ వ్యవహారాన్ని నిలదీశాయన్న సంగతి మరిచి, మెప్పంతా కోర్టుకి కట్టబెట్టే మాట అది.

మన దగ్గర 1997 సమత తీర్పుని దీని పక్కన పెట్టి చూడాలి. విశాఖ ఏజెన్సీలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద నడిచిన కేసది. 1/70 చట్టం కింద ప్రభుత్వం కూడా 'వ్యక్తే', షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి లీజు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. ఓక్లహోమాలో లీజు ఎట్లా ఇవ్వాలన్నదే ప్రశ్న. ఇక్కడ, కాపలాదారుకి ఇచ్చే హక్కు ఎక్కడిదన్నది ప్రశ్న. ఈ రెండో ప్రశ్న అడక్కుండా 'కోర్టు ఒప్పుకుంది' అనే మాట దగ్గర ఆగిపోయే చరిత్ర, దోచుకున్నోడి చరిత్రే.